పసుపు అట్ట పుస్తకం, హోరు పాటల కచేరీ

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఆవకాయ జాడీ గురించో, చంటిపిల్లల జలుబుకు చిట్కాల గురించో చెప్తానని మీరు ఎదురుచూస్తూ ఉంటారు. ఇవాళ మాత్రం ఒక పుస్తకం గురించీ, ఒక పాటల ఆల్బమ్ గురించీ నాలుగు మాటలు చెప్పాలనుకొంటున్నాను. పుస్తకమేమో కేథలిక్ క్రైస్తవులు తమ ఈడొచ్చిన పిల్లల కోసం తయారు చేసుకొన్నది. పాటలేమో హార్డ్ రాక్ అంటారే, ఆ బాపతు హోరు సంగీతం. అదీ స్టూడియోలో తీరిగ్గా పాడింది కాదు, జనం ముందు కచేరీ చేస్తూండగా పట్టిన రికార్డు. "ఈ రెండింటికీ పొత్తేమిటమ్మా? వంటా వార్పూ చూసుకొనే మనకు వీటితో పనేమిటి?" అంటారు కాబోలు. పని ఉంది కనకనే చెప్తున్నాను.

పదిహేను పదహారేళ్ళ పిల్లలున్న ఇంట్లో రెండు తలుపులు మూసుకొంటూ ఉంటాయి. ఒకటి గది తలుపు. రెండోది చెవి తలుపు. ఆ రెండోదానికి గడియ, చెవుల్లో పెట్టుకొనే ఆ చిన్న ఇయర్‌ఫోన్లు. మనం పిలిస్తే పలకరు. వాళ్ళేదైనా అడిగితే, "పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే" అని మనం తప్పించుకొంటాం. ఇలా వాళ్ళు వినక, మనం చెప్పక, ఒకే కప్పు కింద ఇరుగుపొరుగు వాళ్ళలాగా కాపురం చేస్తూంటాం. నేను చెప్పబోయే పుస్తకం, ఆల్బమ్ రెండూ నాకు మంచి కాలక్షేపమే ఇచ్చాయి. ఆపైన, ఆ తలుపులెలా తెరుచుకొంటాయో కొంచెం చూపించాయి కూడాను.

ముందు పుస్తకం సంగతి. దాని పేరు 'యూకాట్'. యూత్ అనే మాటలోంచి ఒక ముక్క, కేటకిజం అనే మాటలోంచి ఒక ముక్క తీసి కలిపారు. కేటకిజం అంటే ప్రశ్నలూ జవాబుల రూపంలో మతవిషయాలు బోధించే పుస్తకం. మనకీ పద్ధతి కొత్తేం కాదు. యక్షుడు అడగడం, ధర్మరాజు చెప్పడం విననివాళ్ళెవరు? నచికేతుడు పిల్లవాడే కదండీ! యముడంతటివాణ్ణి చావు గురించే అడిగాడు.

ఈ పుస్తకం మా అమ్మాయి స్నేహితురాలిది. ఇంటర్ చదువుతున్న పిల్ల. మా ఇంట్లో మర్చిపోయి వెళ్ళింది. పసుపుపచ్చ అట్ట, దానిమీద చిన్నచిన్న శిలువలు కూర్చి వేసిన ఇంగ్లీషు వై అక్షరం. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకొని చేతిలోకి తీసుకొన్నాను. నా చదువు మెట్రిక్ దగ్గర ఆగింది గనక నిఘంటువు పక్కన పెట్టుకొనే చదివాను. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మధ్యాహ్నం కునుకు మాటే మర్చిపోయాను.

ఇది 2011లో వెలువడింది. ఆస్ట్రియా దేశంలో అప్పటి వియన్నా నగరపు కార్డినల్ క్రిస్టోఫ్ షోన్‌బోర్న్ దీని తయారీకి పెద్ద దిక్కు. మొదట జర్మన్ భాషలో రాశారు. అసలు దీనికి బీజం వేసింది ఒక తల్లి అంటే మీకు ఆశ్చర్యంగా ఉండదూ? అంతకు ముందు, 2005లో, కేథలిక్ సంఘంవారు తమ విశ్వాసాలను కుదించి 598 ప్రశ్నలూ జవాబులుగా ఒక గ్రంథం వేశారు. దాన్ని వియన్నాలో పరిచయం చేసిన సభలో ఒకావిడ లేచి, ఈ భాష మా పిల్లల తలకెక్కేది కాదని నిష్ఠూరంగా అన్నదని చెప్తారు. పెద్దలు ఆ మాటను తోసిపుచ్చలేదు. పిల్లల కోసం వేరే పుస్తకం రాయించారు. రాసేటప్పుడు కుర్రకారును వేసవి శిబిరాలకు పిలిచి, వాళ్ళతో చర్చించి, వాళ్ళకేది అర్థం కావడం లేదో తెలుసుకొని మరీ రాశారు. తినబోయేవాళ్ళకు ఉప్పు చూపించి వండిన కూర అన్నమాట.

మొత్తం 527 ప్రశ్నలు. భూమి మీద మనం ఎందుకున్నామన్న ప్రశ్నతో మొదలై, ప్రార్థన చివర ఆమెన్ అని ఎందుకంటామన్న ప్రశ్నతో ముగుస్తుంది. మధ్యలో పిల్లలు నిజంగా అడిగేవన్నీ ఉన్నాయి. జీవులు పరిణామం చెందుతూ వచ్చాయని సైన్సు చెప్తుంది కదా, ఆ మాట ఒప్పుకొంటూ సృష్టికర్తను నమ్మవచ్చునా? నమ్మవచ్చునని జవాబు. దేవుడు అన్నీ తెలిసినవాడూ, అన్నీ చేయగలవాడూ అయితే లోకంలో చెడును ఎందుకు ఆపడు? దీనికి జవాబు చెప్తూ, ఇది చీకటిగా, బాధగా ఉండే రహస్యమని ముందే ఒప్పుకొన్నారు. ఆ తర్వాతే తమ విశ్వాసం ఏం చెప్తుందో చెప్పారు. నాకు అక్కడ మనసు నిలిచిపోయింది. తెలియనిచోట తెలియదనడం చిన్నతనం కాదు. పిల్లలు మన జవాబు కన్నా ముందు మన నిజాయితీని తూకం వేస్తారు.

ఇంకొక చోట, పిల్లలు తల్లిదండ్రులను ఎలా గౌరవించాలన్న ప్రశ్న ఉంది. ఇదేముంది, ప్రతి మతంవాళ్ళూ చెప్పేదేగా అనుకొంటూ కింద చూశాను. వెంటనే ఇంకో ప్రశ్న: తల్లిదండ్రులు పిల్లలను ఎలా గౌరవించాలి? అమ్మా నాన్నలు తమ నడవడితో దారి చూపాలట. పిల్లలు వాళ్ళ సొత్తు కారట. ఆ పేజీ మా అమ్మాయి నాకన్నా ముందే చదివినట్టుంది. అక్కడ ఒక బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి ఉంది! నేనేమీ అనలేదు. టికెట్టు అక్కడే ఉంచాను.

పుస్తకం ముఖం కూడా ముచ్చటగా ఉంది. పక్క మార్జిన్లలో మహాత్ముల మాటలు, కఠిన పదాలకు అర్థాలు, లోపల కుర్రవాళ్ళ ఫోటోలు. పేజీ మూల చిన్న బొమ్మ వేశారు. బొటనవేలితో గబగబా పేజీలు వదిలితే ఆ బొమ్మ కదులుతుంది! మా చిన్నప్పుడు నోటుపుస్తకం మూలల్లో మేం గీసుకొన్న ఆటే. ఇంత పెద్ద మతగ్రంథంలో అది కనపడేసరికి నవ్వొచ్చింది. భక్తి అంటే మొహం ముడుచుకొని కూర్చోవడమే కాదని వాళ్ళకు తెలుసునన్నమాట. 2011 ఆగస్టులో స్పెయిన్ దేశంలోని మాడ్రిడ్‌లో ప్రపంచ యువజనోత్సవం జరిగినప్పుడు వచ్చినవాళ్ళ సంచుల్లో ఈ పుస్తకం పెట్టి ఇచ్చారు. ఇప్పటికి 70కి పైగా భాషల్లోకి వెళ్ళింది. అనువాదాల్లో కొన్నిచోట్ల పొరపాట్లు దొర్లితే బయటపెట్టి సరిచేశారు. పిల్లల చేతిలో పెట్టే పుస్తకం గనక ఆ జాగ్రత్త ఉండాల్సిందే.

నేను ఆ మతంలో పుట్టలేదు, దాంట్లోని నమ్మకాలన్నీ నావీ కావు. అయినా పొరుగింటివాళ్ళు తమ పిల్లలకు ఏం చెప్తున్నారో వాళ్ళ మాటల్లోనే తెలుసుకోవడంలో గొప్ప సుఖముంది. ఊరి మాటలు విని ఊహించుకోవడం కన్నా అది ఎంతో మేలు.

ఇక పాటల సంగతికి వస్తాను. దానికి వంతెన కూడా ఈ పుస్తకంలోనే దొరికింది. ముందుమాట రాసినది అప్పటి పోప్ పదహారవ బెనెడిక్ట్. కంప్యూటరు తెలిసినవాడికి ఆ యంత్రం లోపలి సంగతులు ఎంత క్షుణ్ణంగా తెలుసో, మంచి విద్వాంసుడికి తాను వాయించే కృతి ఎంత బాగా తెలుసో, మీ విశ్వాసం మీకు అంత బాగా తెలియాలని ఆయన పిల్లలకు రాశారు. ఆ విద్వాంసుడి పోలిక చదివినప్పుడే, మా మేనల్లుడు సెలవులకు వచ్చి వినిపించిన ఆల్బమ్ గుర్తుకొచ్చింది. దాని పేరు 'మేడ్ ఇన్ జపాన్'. పాడినవాళ్ళు ఇంగ్లండుకు చెందిన డీప్ పర్పుల్ అనే బృందం.

తమాషా ఏమిటంటే, ఆ పోప్‌గారికి రాక్ సంగీతం అంటే గిట్టదు. కార్డినల్‌గా ఉన్నప్పుడే, 2000 సంవత్సరంలో వెలువడిన తన గ్రంథంలో, అది ఆవేశాలను రెచ్చగొట్టే సంగీతమనీ, ఆరాధనకు పొసగదనీ రాశారు. ఆయనది మొజార్ట్ సంగీతం, పియానో. 2022 డిసెంబరు 31న కన్నుమూశారు. అందుచేత నా టీపాయ్ మీద పక్కపక్కన చేరిన ఈ రెండూ ఒకరి మాట ఒకరు ఒప్పుకొనేవి కావు. ఏం చేస్తాం చెప్పండి, మన ఇళ్ళలో అత్తగారూ ఆడపడుచూ మాత్రం అన్నిటికీ ఒప్పుకొంటారా? అయినా ఇద్దరికీ అన్నం పెట్టడం లేదూ!

ఈ కచేరీలు 1972 ఆగస్టులో జరిగాయి. 15, 16 తేదీల్లో ఒసాకాలోని ఫెస్టివల్ హాలులో, 17న టోక్యోలోని బుడోకాన్‌లో. బుడోకాన్ 1964 ఒలింపిక్స్‌లో జూడో పోటీల కోసం కట్టిన మందిరం. జపానులోని రికార్డు కంపెనీవారు కచేరీని రికార్డు చేస్తామంటే బృందంవారికి మొదట అంత ఇష్టం లేకపోయింది. మా ఇంజనీరు మార్టిన్ బర్చ్ వచ్చి పట్టాలి, మాకు నచ్చితేనే విడుదల చెయ్యాలి అని షరతు పెట్టారు. మూడు రాత్రుల్లోంచి ఏడు పాటలు ఏరి, రెండు గ్రామఫోన్ రికార్డులుగా ఆ ఏడాది డిసెంబరులో ఇంగ్లండులో విడుదల చేశారు. తర్వాత స్టూడియోలో కూర్చొని అతుకులు వెయ్యలేదు. ఆ రాత్రి గొంతు ఎలా పలికితే అలాగే ఉంచేశారు.

ఇందులో ఐదుగురు. పాడేవాడు ఇయాన్ గిల్లన్. గిటారు రిచీ బ్లాక్‌మోర్. ఆర్గన్ జాన్ లార్డ్. బేస్ గిటారు రోజర్ గ్లోవర్. డ్రమ్స్ ఇయాన్ పేస్. వింటూంటే మొదట ఉరుములూ మెరుపులూ. కొంచెం ఓపిక పట్టి కూర్చొంటే ఎవరి దారి వారిదిగా విడివిడిగా వినపడుతుంది. మన కచేరీలు విన్న చెవులకు ఇదేం పరాయిది కాదండీ. 'ది మ్యూల్' అనే పాటలో అందరూ తప్పుకొని డ్రమ్ములవాడొక్కణ్ణే వదిలేస్తారు. మృదంగం మీద తని ఆవర్తనం వచ్చినట్టే! 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్' పాటలో గిటారు ఒక పలుకు పలుకుతుంది, గాయకుడు గొంతుతో అచ్చం అదే పలుకు అందుకొంటాడు. ఇంకొంచెం కష్టమైనది వస్తుంది, దాన్నీ అందుకొంటాడు. స్వరకల్పనలో విద్వాంసుడి వెంట వయొలిన్ పరుగెత్తినట్టు ఉంటుంది. చివరి పాటొక్కటే దాదాపు 20 నిమిషాలు, రికార్డులో ఒక పక్కంతా అదే. రాగం నచ్చితే మనవాళ్ళు గంటసేపు ఆలపించరూ?

'చైల్డ్ ఇన్ టైమ్' అని ఇంకొకటి ఉంది. అమెరికా, రష్యాల మధ్య ప్రచ్ఛన్నయుద్ధపు భయం నీడలో పుట్టి, 1970లో రికార్డుగా వెలువడిన పాట. జోలపాటలాగా మెల్లగా మొదలవుతుంది. గొంతు మెట్టు మెట్టుగా పైకెక్కి ఆఖరికి కేక అవుతుంది. కేకలెందుకయ్యా అని అడగబుద్ధి కాలేదు. కొన్ని భయాలకు మాటలు చాలవు. మన పిల్లలు గది తలుపు ధడాలున వేసుకొన్నప్పుడు ఆ చప్పుడులో కూడా ఇలాంటిదేదో ఉంటుంది కాబోలు.

'స్మోక్ ఆన్ ది వాటర్' అన్న పాట మీ పిల్లల్లో ఎవరైనా గిటారు పట్టుకొంటే తప్పక వాయిస్తారు. దాని వెనక జరిగిన కథ ఉంది. 1971 డిసెంబరు 4న స్విట్జర్లండులోని మాంత్రో అనే ఊళ్ళో, సరస్సు ఒడ్డున ఉన్న కేసినో భవనంలో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతున్నది. శ్రోతల్లో ఎవడో మంటలు చిమ్మే తుపాకీ పైకప్పు మీదికి పేల్చాడు. భవనమంతా తగలబడిపోయింది. మరునాటి నుంచి అక్కడే రికార్డింగు చేద్దామని వచ్చిన డీప్ పర్పుల్ వాళ్ళు, సరస్సు మీద పరుచుకొన్న పొగను చూశారు. చూసినదాన్ని చూసినట్టే పాట కట్టారు. అలంకారాలు లేవు, నీతిబోధ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పడమే ఆ పాట బలం.

ఇంకో రెండు సంగతులు తెలిసేసరికి, నా టీపాయ్ మీది ఆ రెండింటికీ దూరం మరికాస్త తగ్గింది. జాన్ లార్డ్ వాయించినది హామండ్ ఆర్గన్. 1930ల నడుమ అమెరికాలో తయారై, పెద్దపెద్ద గొట్టాల ఆర్గన్లు కొనుక్కోలేని చర్చీలకు చవకలో దొరికిన వాద్యం అది. చర్చిలో కీర్తనలకు తోడున్న ఆ వాద్యాన్నే ఈయన గిటారు ఆంప్లిఫయర్లకు తగిలించి సింహంలా గర్జింపజేశాడు. రెండో సంగతి: 1970లో వచ్చిన 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్' సంగీతరూపకపు తొలి రికార్డులో ఏసుక్రీస్తు పాత్రకు గొంతు ఇచ్చినది ఎవరనుకొన్నారు? ఈ ఇయాన్ గిల్లనే! గుడికీ గోలకూ మధ్య మనం కట్టుకొన్న గోడ ఎంత పల్చనిదో చూశారా?

మరి ఈ రెండింటిలో నాకు నచ్చిన గుణం ఏమిటి? రెండూ కుర్రవాళ్ళను చిన్నచూపు చూడవు. పుస్తకం కష్టమైన ప్రశ్నను దాటవెయ్యదు. ఆల్బమ్ ఆ రాత్రి జరిగినదాన్ని మెరుగులు దిద్ది చూపించదు. పుస్తకంలో తప్పు దొర్లితే దిద్దారు, కచేరీలో గొంతు జీర పోతే ఉంచేశారు. రెండూ నిజం కోసమే. పిల్లలు మన దగ్గర కోరేవీ ఈ రెండే. అడిగినదానికి సూటిగా జవాబు. మాట్లాడుతూంటే మధ్యలో అడ్డుపడి దిద్దకుండా చివరిదాకా వినే ఓపిక. మొదటిది పుస్తకం పని, రెండోది పాట పని.

అలాగని పిల్లలు తెచ్చినవన్నీ మనకు నచ్చాలని నియమం లేదు. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పాలి, చెప్పాలంటే ముందు వినాలి, చదవాలి. మా అమ్మాయితో నేను పందెం వేసుకొన్నాను. నువ్వు చెప్పినదొకటి నేను వింటాను, నేను చెప్పినదొకటి నువ్వు విను అని. తను నాకు ఇంకో హోరు పాట వినిపించింది, అది నాకు బొత్తిగా నచ్చలేదు, ఆ మాటే చెప్పాను. నేను బాలమురళిగారి కచేరీ పెట్టాను. తను సగంలో లేచిపోకుండా కూర్చొంది, ఆఖర్న "ఇక్కడ మృదంగం ఆయన ఒక్కడే వాయిస్తున్నాడు కదమ్మా" అంది. గమనించిందే అని లోలోపల మురిసిపోయాను. ఆ రాత్రి తనంతట తానే వంటింట్లోకి వచ్చి, బస్సు టికెట్టు పెట్టిన పేజీ గురించి నాతో మాట్లాడింది. ఏం మాట్లాడిందో అది మా ఇద్దరి మధ్యే ఉండనివ్వండి.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పకుండా సెలవు తీసుకోలేను. ఈ ఆల్బమ్‌లోనే ఒకచోట, పాటకూ పాటకూ మధ్య, అన్నీ అన్నిటికన్నా గట్టిగా వినపడేలా చెయ్యమని వేదిక మీదినుంచి అడగడం వినపడుతుంది. నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, చెవులు దేవుడిచ్చినవి, మళ్ళీ మొలవవు. వారానికి 40 గంటలు వినాలంటే శబ్దం 80 డెసిబెల్స్ దాటకూడదనీ, 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. డెసిబెల్స్ కొలిచే పరికరం మన ఇళ్ళలో ఉండదు. పాట పెట్టుకొన్నప్పుడు పక్కనున్న మనిషి మాట చెవిన పడాలి, ఇయర్‌ఫోన్లోని పాట బయటికి వినపడకూడదు. ఈ రెండు గుర్తులు చాలు. చెవి హోరెత్తితే ఆ పూటకు ఆపేయించండి. చెవులను కాపాడేది పాటను నిషేధించడానికి కాదు, నలభయ్యేళ్ళు వచ్చాక కూడా వాళ్ళు పాట వినగలగడానికి.

కాబట్టి సోదరీమణులారా, ఈ వారం మీ పిల్లల బల్ల మీద ఉన్న పుస్తకం ఒకటి, వాళ్ళ చెవిలో మోగుతున్న పాట ఒకటి, వాళ్ళనే అడిగి తీసుకోండి. దొంగతనంగా కాదు సుమండీ, అడిగే తీసుకోండి. కుంపటి మీద పాలు పొంగకుండా చూసుకొంటూ కూడా ఒక పాట వినవచ్చు, రెండు పేజీలు చదవవచ్చు. వినడం పూర్తయ్యాక మీకేమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పండి. అక్కడినుంచి మాట అదే సాగుతుంది.